మేట్రన్ గారి పసుపు ముఖాల బొమ్మలు

మొన్న బొటనవేలికి తీగ గుచ్చుకుని చీము పట్టింది. మా వీధి చివర ఆసుపత్రిలో నర్సమ్మ నీళ్ళలాంటి మందేదో పోస్తే పుండు మీద తెల్లగా నురగ పొంగింది. చెవి దగ్గర పెట్టుకుంటేనే వినపడేంత సన్నగా చుయ్‌మంది. ముక్కుకి చురుక్కుమనే ఆ వాసన తగలగానే నేనక్కడ లేను. మేట్రన్ గారి డాబా మీద ఉన్నాను. పిట్టగోడ వెంబడి ఎండలో ఊరగాయ జాడీలు, వాటి పక్కన వరసగా గాజు సీసాలు, ఆ సీసాల్లో ఇదే నురగ మందు, అందులో మునిగి ఉన్న తలల్లేని ప్లాస్టిక్ మనుషులు. మంటగా ఉందా అమ్మా అని నర్సమ్మ అడిగితే, లేదమ్మా, ఇంకొంచెం పొయ్యి అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాసిపెడుతోంది. మేట్రన్ గారంటే కనకరత్నం గారు. బందరులో పిల్లల హాస్టల్ ఒకటుండేది, దానికి ఆవిడ చాలా ఏళ్ళు మేట్రన్‌గా చేశారు. దివిసీమ ఉప్పెనలో అమ్మానాన్నలు కొట్టుకుపోయిన పిల్లల్ని తెచ్చి అందులో పెంచారు. హాస్టల్ మూతపడ్డాక ఆవిడ చిలకలపూడిలో మా వెనక వీధిలో ఇల్లు కొనుక్కుని వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ, ఆదివారం చర్చి, మిగతా రోజులు నోరు. ఆవిడ బస్సెక్కితే కండక్టరు చొక్కా గుండీలు సరిచూసుకునేవాడు. ఆవిణ్ణి చూడనివాళ్ళకి ఆ గొంతు ఎలా చెప్పాలో నాకు తెలియదు. తిట్టినట్టే ఉండేది. కాసేపటికి గానీ అది తిట్టు కాదని తెలిసేది కాదు.

ఆవిడ మా వెనక వీధికి వచ్చేనాటికి మా ఆయన పోయి ఏడాది కాలేదు. పచ్చకామెర్లు. మా ఇద్దరిదీ రోల్డుగోల్డు పనే. ఆయన తీగ లాగేవాడు, నేను ఇంట్లో కూర్చుని పూసలు గుచ్చేదాన్ని. అందులోనూ నాది నల్లపూసల పని. పూసకీ పూసకీ మధ్య సందు కనపడకుండా, కొక్కెం దగ్గర ముడి జారకుండా కట్టాలంటే మా యజమాని నాకే కబురు పంపేవాడు. దినాలు అయిపోయాక పని అడగడానికి వెళ్తే ఆయన తలెత్తలేదు. తనకేం పట్టింపు లేదన్నాడు. కొనేవాళ్ళు అడుగుతారన్నాడు, ఎవరు గుచ్చారని. నల్లపూసలు ముత్తయిదువ చేతి మీదుగా రావాలి కదమ్మా, నీకు చెవిదిద్దుల శీలలు ఇస్తాలే అన్నాడు. చెడ్డమనిషి కాదు. మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పడం వల్ల నాకు ఎదురు తిరిగి అరవడానికి కూడా లేకపోయింది. ఇంటికొచ్చి నా చేతులు చూసుకున్నాను. అవే చేతులు. గాజులు తీసేస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాను. చేతులు కూడా తీసేస్తారని తెలియదు.

తిండికి లోటు రాలేదు, శీలల పని ఉంది. కానీ శీలలు ఎవరైనా పెడతారు. నల్లపూసలు నాకు వచ్చిన విద్య. ఆయన పోయాడన్న దుఃఖం ఒక పక్కన ఉంటే, నా చెయ్యి మంచిది కాదన్న మాట ఇంకో పక్కన కూర్చుంది. ఆ మాట నిజమేనేమోనని నాకే అనిపించడం మొదలుపెట్టింది. చుట్టపక్కల పెళ్ళిపనులు జరుగుతుంటే నేనే పక్కకి తప్పుకునేదాన్ని, ఎవరూ పొమ్మనకుండానే. ఆ రోజుల్లో నన్నెవరైనా ఏం కావాలని అడిగితే ఒక్కటే చెప్పేదాన్ని. నా చెయ్యి నాకు తిరిగి కావాలని.

ఒకనాడు అరుగు మీద కూర్చుని శీలలు పెడుతున్నాను. మేట్రన్ గారు ఎదురుగా వచ్చి నిలబడి, కొంగు ముడి విప్పి ఒక బొమ్మ తీసి నా పళ్ళెంలో పడేశారు. వేలి కణుపు కన్నా కాస్త పొడుగు. పసుపుపచ్చటి గుండ్రటి ముఖం, రెండు చుక్కల కళ్ళు, ఒక గీత నవ్వు. ఒక చెయ్యి మణికట్టు దగ్గర ఊడిపోయింది. ఊడిన చెయ్యి కాగితం పొట్లంలో ఉంది. మా గొలుసులకి పెట్టే కొక్కెంలాగే ఉంది అది, చిన్నగా వంకర తిరిగి. ఇదేం బొమ్మండీ అని అడిగాను. ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలుంటాయి, పిల్లలు వాటితో ఇళ్ళు కడతారు, ఆ ఇళ్ళల్లో కాపరముండే మనుషులు వీళ్ళు అన్నారు. తన కళ్ళు ఆనటం లేదట, నా పట్టకారుతో వాడి చెయ్యి వాడికి పెట్టమన్నారు. కొత్తగా వచ్చిన మనిషి, నా సంగతి తెలియదేమోనని ముందే చెప్పేశాను. నేను భర్త పోయినదాన్నండీ, నా చేత చేయించుకుంటే మళ్ళీ మీకు, అంటుండగానే ఆవిడ అడ్డం వచ్చారు.

"వీడికి పెళ్ళి కాలేదు. అయ్యే ఆశ కూడా లేదు. నీ చెయ్యి పడితే పోవడానికి వీడికి మొగుడూ లేడు, పెళ్ళామూ లేదు. పెట్టు."

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వినందుకు భయమేసి అటూ ఇటూ చూశాను. ఆవిడ కూడా నాతోపాటు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరులే, నవ్వుకో అన్నారు. కొక్కెం చేతిని పట్టకారుతో పట్టి, మణికట్టు బెజ్జంలో పెట్టి, కాస్త తిప్పుతూ నొక్కితే టక్కున కూర్చుంది. ఆవిడ ఆ బొమ్మని వాచీ పెట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, చెయ్యి పైకీ కిందకీ ఆడించి చూసి వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకో నలుగుర్ని తెచ్చారు. తర్వాత తేవడం మానేసి నన్నే రమ్మన్నారు.

అలా మధ్యాహ్నాలు వాళ్ళింటికి వెళ్ళడం అలవాటైంది. ఆవిడ దగ్గర పాత పోపులపెట్టె ఒకటుండేది. ఆవాల గిన్నెలో చేతులు, జీలకర్ర గిన్నెలో తలలు, మెంతుల గిన్నెలో టోపీలూ జుట్లూ, మినప్పప్పు గిన్నెలో కాళ్ళు. చూసుకోకుండా తాలింపులో వేసేవు అనేవారు. బొమ్మని ముందు ఊడదీసి గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో నానబెట్టాలి. నీళ్ళు కాగితే ప్లాస్టిక్ వంగిపోతుంది. తెల్లచొక్కావాళ్ళు పాతబడి గారపట్టిన పళ్ళలా అయిపోతే, తలలు తీసేసి ఒళ్ళు మాత్రం నురగ మందులో ముంచి ఎండలో పెట్టాలి. హాస్టల్లో పిల్లల పుళ్ళు కడిగే మందు కిటికీలో ఉన్న పాత తెల్లదువ్వెన మీద ఒలికి, సాయంత్రానికి దువ్వెన తెల్లబడిందట. అది చూసి ఆవిడ పట్టుకున్న వైద్యం. చేతులు వదులై వేలాడేవాళ్ళకి నా వైద్యం పనికొచ్చింది. గిల్టు నగలకి మేము పూసే పల్చటి వార్నిషు సూదిమొనతో కీలు దగ్గర తాకించి ఆరనిస్తే, చెయ్యి ఎత్తినచోట నిలిచేది.

తలలు మటుకు లోపల సాసర్లో ఉండేవి. నేను వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. పోలీసుకీ పసుపే, నర్సుకీ పసుపే, గుర్రం మీద వెళ్ళేవాడికీ పసుపే. ఏమిటే అలా చూస్తావు అని ఒకరోజు అడిగారు. వీళ్ళందరూ ముఖానికి పసుపు రాసుకున్నారండీ అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నా ముఖం చూశారు, బొట్టు లేని ముఖాన్ని.

"రాసుకున్నారు. కడిగెయ్యమని వాళ్ళనెవరూ అనలేదు మరి" అన్నారు.

ఒకదానికి నవ్వు అరిగిపోయి ఉంది. కళ్ళ చుక్కలున్నాయి, నోరు లేదు. మా పనిలో మెరుగు పోయిన నగని మళ్ళీ పూతలో ముంచుతాం, కొత్తదైపోతుంది. ఆ అలవాటుతో, సన్న కుంచె నల్లరంగులో ముంచి నవ్వు గీసేద్దునా అని అడిగాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. ఆ బొమ్మ పట్టుకున్న పిల్ల నిద్రపట్టేదాకా దాని ముఖాన్ని బొటనవేలితో రుద్దుతూ ఉండేదట. ఎన్నో నెలలు రుద్దితే నవ్వు పోయింది. "అది పోలేదే, ఆ పిల్ల వేలికి ఎక్కింది. నువ్వు కొత్త నవ్వు గీస్తే బొమ్మ నీదవుతుంది, దానిది కాదు" అన్నారు. తర్వాత నాకు ఆ పని అంతా మూడు మాటల్లో చెప్పారు. మురికైతే కడుగు. ఊడితే పెట్టు. అరిగింది మాత్రం ముట్టుకోకు.

ఆ బొమ్మలు ఎక్కడివో అప్పుడే చెప్పారు. ఉప్పెన తర్వాత పై దేశాల నుంచి బట్టలూ పాలపొడీ పెట్టెల్లో వచ్చేవి. ఆ రాకలు రెండు మూడేళ్ళు సాగాయి. ఒకసారి పెట్టెల్లో ఈ ఇటుకలూ ఈ మనుషులూ వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక్కో మనిషినిచ్చారు. ఇళ్ళు కొట్టుకుపోయిన పిల్లలు పొద్దస్తమానం ఇళ్ళే కట్టేవారట. కట్టి, లోపల మనిషిని పెట్టి, తలుపు మూసి, నీళ్ళు వచ్చినా వీడికేం కాదు అనుకునేవారట. ఆ తర్వాత పదో తరగతి అయిపోయి హాస్టల్ వదిలి వెళ్ళేటప్పుడు బొమ్మ అక్కడే వదిలి వెళ్ళాలి. హాస్టల్ సొత్తు. రూలు. "గేటు దగ్గర నిలబడి నేనే లాక్కునేదాన్ని. ఇప్పుడు రూలూ లేదు, గేటూ లేదు. లాక్కున్నవి మాత్రం ఉన్నాయి" అన్నారు. కొన్ని ఆవిడ ఇంటికి తెచ్చుకున్నారు. మిగతావి హాస్టల్ మూసినప్పుడు పాత సామాన్లతో కలిపి తూకానికి వెళ్ళిపోయాయి. వాటిని వెతికి, బాగుచేసి, ఎవరిది వాళ్ళకి ఇచ్చేయాలని ఆవిడ పట్టుదల. ఎవరిదో ఎలా తెలుస్తుందండీ అంటే, పంటిగాటు చూపించి పేర్లు చెప్పేవారు.

గుడివాడలో ప్లాస్టిక్ పాత సామాన్లు కొనే కొట్టుకి ఆ సరుకు చేరిందని తెలిసి ఒకరోజు ఇద్దరం బస్సెక్కాం. కొట్టు వెనక విరిగిన బకెట్లు, తెగిన చెప్పులు, పగిలిన టబ్బులు గోతాల్లో కొండలా ఉన్నాయి. అప్పటికి చాలా వరకూ కరిగించడానికి వెళ్ళిపోయిందట. మిగిలిన గోతాలు మా ముందు కుమ్మరించి కొట్టతను బల్ల మీద కూర్చున్నాడు. చీరలు దోపుకుని ఇద్దరు ఆడవాళ్ళు చెత్తలో చేతులు పెట్టి వెతుకుతుంటే చూడ్డానికి బాగానే ఉండి ఉంటుంది. "ఏం మామ్మగారూ, మనవలకా?" అన్నాడు. "నాకే. ఇప్పుడే ఆడుకునే వయసొచ్చింది" అన్నారు మేట్రన్ గారు తలెత్తకుండా. అతను కాసేపు నవ్వి, తర్వాత తనే వచ్చి గోతం మూతులు విప్పడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలేదాకా వెతికితే గుప్పెడు దొరికారు. చివరికి ఒక టబ్బు ముక్క అడుగున తెల్లబట్టల వాడొకడు కనపడ్డాడు. తల చుట్టూ గుండ్రటి టోపీ, ముఖం మాత్రం బయటికి ఉండేట్టు. చంద్రుడి మీదికి వెళ్ళేవాళ్ళు పెట్టుకునేదట అది. గడ్డం కింద సన్నటి పట్టీ చోట టోపీ పగిలి ఉంది. మేట్రన్ గారు అతన్ని చూసి చెప్పుల గోతం మీద కూలబడ్డారు. "కుండ బాబాయి" అన్నారు. లలిత అనే పిల్లదట అది. మూడేళ్ళప్పుడు వచ్చింది, ఏ ఊరో కూడా చెప్పలేకపోయింది. ఆ టోపీని చూసి, నెత్తి మీద కుండ పెట్టుకున్నాడని కుండ బాబాయి అని పిలిచేదట. దానికి చుట్టమంటూ మిగిలినవాడు వీడొక్కడేనే అన్నారు. హాస్టల్ వదిలి వెళ్ళేనాడు గేటు దగ్గర ఆ పిల్ల ఏడవలేదట, బొమ్మ చేతిలో పెట్టేసి దణ్ణం పెట్టి వెళ్ళిందట. అలా ఏడవకుండా వెళ్ళినవాళ్ళే గుర్తుంటారు అన్నారు.

బాగైనవాళ్ళని తీసుకుని దివిసీమ వెళ్ళేవాళ్ళం. చల్లపల్లి మీదుగా పులిగడ్డ దాటితే ఆవిడ గొంతు తగ్గిపోయేది, కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. నాగాయలంకలో ఒకతను చేపలకి ఐసు సరఫరా చేస్తాడు, మీసాలవాడు, పెద్ద కుటుంబం. పెద్దమ్మా అని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. హాస్టల్ పిల్లలందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలిచేవారు. బొమ్మ చేతిలో పెడితే పగలబడి నవ్వాడు. నేనేం చిన్నపిల్లాణ్ణా పెద్దమ్మా, దీని కోసం ఇంత ఎండలో వచ్చావా అని దెప్పాడు. వాళ్ళావిడా నవ్వింది. మజ్జిగ తాగి మేము లేచేదాకా అతను ఐసు లెక్కలూ రొయ్యల చెరువుల సంగతులూ చెబుతూనే ఉన్నాడు. బస్సు ఎక్కించి కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు చూశాను. బొమ్మ తలని బొటనవేలితో గుండ్రంగా తిప్పుతున్నాడు. తిప్పుతున్నట్టు అతనికి తెలియదు. మేట్రన్ గారు కూడా చూశారు.

కుండ బాబాయి టోపీ నాకు పట్టింపైంది. జిగురు పెడితే రెండు రోజుల్లో వదిలేస్తుంది, ఆ పట్టీ అంత సన్నం. చివరికి పగులుకి అటొకటి ఇటొకటి వేడి సూదితో బెజ్జాలు పెట్టి, వెంట్రుకంత బంగారు పూత తీగ తీసుకుని, మూడు చుట్లు చుట్టి, లోపలి వైపు నల్లపూసల ముడి వేశాను. దగ్గరికి పెట్టుకు చూస్తే తీగ మెరుస్తూనే ఉంది. అతుకు కనపడుతోందండీ, ఏం చెయ్యమంటారు అని అడిగాను. కనపడనీ, పగిలిన సంగతి వాడికీ తెలుసు, దానికీ తెలుసు అన్నారు. ఆ ముడి వేసినప్పుడు నా వేళ్ళు వాటంతట అవే తిరిగాయి. ఏడాది పైగా వెయ్యని ముడి. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. బాధతో కాదు.

ఆ ఎండాకాలమే లలిత పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల అవనిగడ్డ వైపు బళ్ళో టీచరుగా చేస్తోంది. మొవ్వలో వరి పండించే రైతు కుటుంబం వాళ్ళబ్బాయి ఇష్టపడ్డాడు. పెళ్ళికొడుకు తల్లి రాజేశ్వరమ్మ గారు, పెద్దమనిషి, మాట తూకం వేసినట్టు మాట్లాడుతుంది, లలితని వెంటబెట్టుకుని మేట్రన్ గారింటికి వచ్చింది. పిల్లకి పుట్టిల్లంటే ఇదేనట కదా వదినగారూ అని కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, పెళ్ళిమాటల్లో నేనెందుకని. మేట్రన్ గారు కేకేసి పిలిచి పక్కన కూర్చోబెట్టారు.

కుండ బాబాయిని లలిత చేతిలో పెట్టారు. ఆ పిల్ల టోపీని తిప్పి తిప్పి చూసి, గడ్డం దగ్గర తీగని గోటితో తడిమి, ఇదెవరు కట్టారు పెద్దమ్మా అని అడిగింది. ఆవిడ నావైపు చూపించారు.

రాజేశ్వరమ్మ గారు వచ్చిన పని చెప్పింది. వాళ్ళ ఇంటి ఆనవాయితీలో కోడలి నల్లపూసలు పిల్ల పుట్టింటి ఆడది గుచ్చి ఇవ్వాలి. పూసలూ బంగారు గుళ్ళూ వాళ్ళే తెచ్చారు. పుట్టింటి చెయ్యి అంటూ ఒకటి పడాలి, మీ వైపు ముత్తయిదువ ఎవరున్నారు వదినగారూ అని అడిగింది. మేట్రన్ గారు నన్నూ తననూ మార్చి మార్చి చూసుకుని, "ఒకర్తి పెళ్ళి కానిది, ఇంకొకర్తి పెళ్ళయి పోగొట్టుకున్నది. బాగుంది దీని పుట్టిల్లు" అన్నారు. రాజేశ్వరమ్మ గారు నవ్వలేదు.

"ఈ ముడి వేసినావిడే గుచ్చాలి" అంది లలిత. మెల్లగా అంది, కానీ తల దించలేదు.

వద్దమ్మా అని లేచి వంటింట్లోకి వచ్చేశాను. మేట్రన్ గారు నా వెనకే వచ్చారు. నేను ఆవిడ మీదికే వెళ్ళాను. రేపు ఆ అబ్బాయికి జ్వరం వచ్చినా నా చేతి వల్లే అంటారు, ఊళ్ళో నన్ను బతకనిస్తారా, ఇన్నాళ్ళూ బొమ్మలతో సరిపెట్టుకున్నాను, అలాగే ఉండనివ్వండి అన్నాను. ఆవిడ నన్ను అననిచ్చారు. తర్వాత ఆ గొంతుతోనే, కానీ చాలా తగ్గించి చెప్పారు.

"ఏమీ జరగదని నేను చెప్పలేను నాంచారూ. దాని అమ్మ మెళ్ళో నల్లపూసలు ముత్తయిదువలే గుచ్చి ఉంటారు. ఉప్పెన అవి చూసి ఆగిందా?"

ఆయన పోయినప్పటి నుంచి నేను మోస్తున్నది ఏదో ఆ మాటతో కిందికి దిగినట్టైంది. నా నల్లపూసలు కూడా ముత్తయిదువలే గుచ్చారు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి చేతినీ నేను ఎన్నడూ అనుమానించలేదు, నా చేతిని తప్ప.

మళ్ళీ గదిలోకి వచ్చేసరికి రాజేశ్వరమ్మ గారు లలిత చేతిలోంచి బొమ్మ తీసుకుని ఉంది. టోపీ ముడిని గోళ్ళ మధ్య పట్టి లాగుతోంది. ఒకసారి లాగింది, వేలు మార్చి మళ్ళీ లాగింది. ముడి కదల్లేదు. బొమ్మని బల్ల మీద నిలబెట్టింది.

"మా పెద్దకోడలివి అయిదుగురు ముత్తయిదువలు పాటలు పాడుతూ గుచ్చారు" అంది. "పదహారురోజుల పండగ లోపే తెగి బియ్యంలో పడ్డాయి. నేను ఆ రోజు పడ్డ భయం ఎవరికీ చెప్పుకోలేదు." తర్వాత నన్నే అడిగింది. "తెగకుండా గుచ్చుతావా అమ్మా?"

గుచ్చుతానండీ అన్నాను. ఆవిడ చెంగులోంచి పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. బల్ల మీద కాదు, ఒళ్ళో.

వాళ్ళ ఆనవాయితీ ప్రకారం దారానికి ముందు పసుపు పట్టించాలి. మేట్రన్ గారి పీట మీద కూర్చుని పసుపు తడిపి దారాన్ని వేళ్ళ మధ్యన లాగాను. వేళ్ళు పసుపయ్యాయి. కడుక్కోమని ఎవరూ అనలేదు. నేనూ కడుక్కోలేదు. ఆ పూసలు గుచ్చినంత నెమ్మదిగా నా జన్మలో ఏవీ గుచ్చలేదు. మేట్రన్ గారు ఎదురుగా కూర్చుని, కళ్ళు ఆనకపోయినా చూస్తున్నట్టు నటిస్తూ, మధ్యమధ్య ఏదో తప్పు పట్టడానికి ప్రయత్నించారు. దొరకలేదు.

పెళ్ళయిన ఏడాది పొడుగునా మొవ్వ నుంచి ఎవరొచ్చారన్నా నా గుండె ఆగిపోయేది. లలితకి కూతురు పుట్టిందన్న కబురు వచ్చినప్పుడు మేట్రన్ గారు వాచీ చూసుకుని, ఇంక ఊపిరి పీల్చుకోవచ్చు నువ్వు అన్నారు. రాజేశ్వరమ్మ గారు ఊరుకోలేదు, మా కోడలివి చూశారా, ఎంత పొందిగ్గా ఉన్నాయో అని పేరంటాల్లో చూపించుకుంది. ఎవరు గుచ్చారంటే దాచకుండా చెప్పిందట. కొందరు మూతి తిప్పుకున్నారట. కొందరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మా యజమాని ఒకరోజు గుమ్మంలో నిలబడి, ఏమ్మా, పాత పని మళ్ళీ మొదలుపెడతావా అని గొణిగాడు. చేస్తానండీ, కానీ ఎవరు గుచ్చారని అడిగితే నా పేరే చెప్పాలి అన్నాను. అంత మాట అనగలనని ఆ నిమిషం దాకా నాకు తెలియదు.

మేట్రన్ గారు పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజుల్లో కళ్ళు పూర్తిగా పోయాక కూడా పోపులపెట్టె ఒళ్ళో పెట్టుకుని చేతులో కాళ్ళో వేలితో తడిమి చెప్పేవారు. సమాధి దగ్గరికి దివిసీమ నుంచి పిల్లలు వచ్చారు, పిల్లలంటే అప్పటికి తలలు నెరిసినవాళ్ళూ ఉన్నారు. చొక్కా జేబుల్లో, హ్యాండుబ్యాగుల్లో బొమ్మలు తెచ్చుకున్నారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే. తమదంటూ ఎవరూ రాని బొమ్మల్ని లలిత తీసుకెళ్ళింది, వాళ్ళ బళ్ళో పిల్లలు వాటికి ఇళ్ళు కట్టిపెడుతున్నారట.

నా దగ్గర బొమ్మ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆవిడ నేర్పిన పద్ధతి. మా పేటలో ఎవరికైనా భర్త పోతే దినాలయ్యేదాకా ఆగి నేనే వెళ్తాను. ఓదార్పు మాటలు నాకు చేతకావు. నల్లపూసలూ దారమూ సూదీ పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. చెయ్యి వెనక్కి లాక్కుంటారు అందరూ, ఒకప్పుడు నేను లాక్కున్నట్టే. వాళ్ళని తొందరపెట్టను. నా పాటికి నేను గుచ్చుకుంటూ ఉంటాను, ఒకరోజు కాకపోతే ఇంకోరోజు ఎదుటి చెయ్యి ముందుకొస్తుంది. ఇప్పుడు నాతోపాటు కూర్చుని గుచ్చేవాళ్ళందరూ అలా వచ్చినవాళ్ళే. కిందటి వారం ఒక పిల్ల దగ్గరికి వెళ్ళాను, పాతికేళ్ళు కూడా ఉండవు. చాలాసేపు పూసల వంకే చూసి, "పిన్నీ, ఇవి నేను ముట్టుకోవచ్చా?" అంది.

చేతులు కడుక్కున్నావా అని అడిగాను. కడుక్కున్నానంది.

"అయితే గుచ్చు" అన్నాను.